జర లెవ్వు

గట్టుప్పల్ల భిక్షం ఇల్లు
పద్నాలుగు అడుగులు, పదకొండు.
అందుల గుంట మగ్గానికి ముప్పావు,
ఆసుకు ఒక గోడ.
మిగిలిన జాగల
నలుగురు మనుషులు, ఒక పొయ్యి,
పండుగకు మాత్రమే తోమే ఇత్తడి బిందె.

"రాత్రి కాళ్లు చాపితే
పడుగుకు తాకుతున్నయి ఈరాచారీ" అన్నడు భిక్షం.
కష్టాన్ని ఎప్పుడూ సగం నవ్వుతోనే చెప్తడు.

అండాలు మాట్లాడలే.
సుద్దముక్క తీసుకొని నేల మీద గీసింది:
ఇది పీట. పీట కింద బియ్యం.
బియ్యం పక్కన కండెల అర.
మూత ఎత్తి గోడకు ఆనిస్తే
దాని లోపలి దిక్కు పిల్ల రాసుకునే పలక.
"నల్లరంగు నేనే ఏసుకుంట,
దానికి లెక్క కట్టకు" అన్నది.

నలభై ఏండ్ల సంది చెక్క కోస్తున్న.
కుర్చీ అంటే కుర్చీ, పెట్టె అంటే పెట్టె
అని నేర్పిండు మా నాయిన.
ఒక్క పెట్టెకు నాలుగు చాకిరీలు చెప్పిన మనిషిని
ఇదే చూసుడు.
బీడీ ఆరిపోయిందాక ఆ గీతల్నే చూసిన,
ఎక్కడా ఒక్క ఇంచు దండుగ లేదు.

వాళ్లింట్ల విరిగిన మగ్గం దూలం ఉండె,
భిక్షం వాళ్ల నాయిన నాటిది,
ఆ ముసలాయన మోచేతులకు నున్నగైన వేప.
దాన్నే కోసిన.
ఒక దిక్కు చిత్రిక పట్టబుద్ధి కాలే,
ఆ నునుపు అట్లనే పైకి తేలేటట్టు బిగించిన.

పెట్టె దించిన పొద్దే
ముత్తమ్మ వచ్చి దాని మీద కూసున్నది,
సరిగ్గ ఆ నున్నటి దిక్కే.
ఎవరు చెప్పిండ్రో ఆమెకు.
కండెలు అక్కడ్నే చుడ్తది,
చాయ్ అక్కడ్నే,
కునుకు గూడ అక్కడ్నే.

అక్కడ తప్పింది మా లెక్క.
బియ్యం కావాల్నంటే అత్త లెవ్వాలె.
కండెలు కావాల్నంటే అత్త లెవ్వాలె.
పిల్లకు ఎక్కాలు రావాల్నన్నా అత్తనే లెవ్వాలె.
"అత్తమ్మా, జర లెవ్వు."
"ఇప్పుడే కదనే లేసి కూసున్న!"
మోకాళ్ల మీద రెండు చేతులు,
నరసింహా అని ఒక మూలుగు,
సోలెడు బియ్యం కొలిచేదాక
గోడ పట్టుకొని నిలబడేది.

మల్ల కబురొచ్చింది, పోయిన.
పెట్టె పక్కకు జేనెడు తలుపు కోసిన,
గొళ్లెం పెట్టిన.
"ఇగ ఎవరూ లేసే పని లేదు" అన్న.
నూటయాభై తీసుకున్న.
నా పనితనానికి నేనే మురిసి
తిరుగు బస్సుల పక్క సీటాయనకు గూడ చెప్పిన.
ఆయన చండూరుల దిగిపోయిండు,
మొత్తం ఇనకుండనే.

కార్తీకంల పన్నె చట్రం ఊగుతున్నదంటే పోయిన.
నేను పెట్టిన గొళ్లెం మీద సాలెగూడు.
సాలోళ్ల ఇంట్ల ఇంకో సాలె.
"ఇరుక్కున్నదా తలుపు?"
"మంచిగనే వస్తది" అన్నది అండాలు,
గొంతు తగ్గించి.
"నాలుగు దినాలు పక్క నుంచే తీసిన.
అయిదో దినం ఈమె బువ్వ తినలే.
ఏమైందంటే చెప్పదు.
గోడ దిక్కు మల్లి కండెలు చుట్టుడే చుట్టుడు.
రాత్రి పండుకున్నంక తట్టింది నాకు,
పొద్దంత ఆమెను
ఎవరమూ పిలువలే."

"మరి తలుపు తీసేసి చెక్క కొట్టనా?"
కొద్దిసేపు గొళ్లెం దిక్కు చూసింది.
"ఉండనీ" అన్నది.
ఎప్పటికి అని నేను అడగలే.

చట్రానికి నేను మేకు దిగ్గొడుతుంటే
అండాలు చేట పట్టుకొని లేసింది.
తలుపును దాటుకొని పోయి
ముసలామె ఎదురుంగ నిలబడ్డది.
"అత్తమ్మా, జర లెవ్వు."

"మల్లనా! సంపుకతింటరే నన్ను మీరు"
అనుకుంటనే ముత్తమ్మ
కండె పక్కకు పెట్టి,
కొంగు సదురుకొని,
రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించింది.